ఉస్తాద్ అక్షరాలు

హైదరాబాద్,
ఆగస్టు 1999

రబియా అక్కకు,

ఈ ఉత్తరం మీ నాయిన ముందు చదవకు.

ఇక్కడ వెబ్ పేజీలు చేసే పనిలో ఉన్నాను. ఆరు నెలలకో కొత్త సాఫ్ట్‌వేర్ దించుతారు. ఒకటి చేతికి అలవాటయ్యేసరికి అది పాతదైపోయిందంటారు. విసుగొచ్చిందక్కా.

నాలుగేళ్ల కింద మా ఉస్తాద్, మీ నాయిన, రాసిన బోర్డు అక్షరాలన్నీ మౌసుతో గీసి ఫ్లాపీలో దాచాను గదా. మొన్న పెడితే కొత్త సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును తెరవలేదు. పాతది ఉన్న మిషన్ కోసం రెండు రోజులు తిరిగాను. తీరా అక్కడ పెడితే ఫ్లాపీకే బూజు పట్టింది, ఇక అందులోంచి ఏమీ రాదన్నారు.

ఉస్తాద్ సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి అద్ది, గోడ మీదికి అక్షరాలు దించే కాగితాల కట్ట గుర్తుందా? "ఇగ గీ కాగితాలెందుకు ఉస్తాద్, అన్నీ కంప్యూటర్ల ఉన్నయి" అన్నది నేనే. నా మాట నమ్మి ఆయనే వాటిని పొయ్యిలో పెట్టించాడు.

రేకు పెట్టె అడుగున ఒక్క కాగితమన్నా మిగిలిందేమో జర వెతుకు. దేవరకొండ బజారులో ఆయన రాసిన బోర్డు ఏదన్నా ఉంటే ఫోటో తీయించు. మళ్లీ రాయమని ఆయన్ని ఎలా అడగను?

"కుడి చెయ్యి పడిపోతే ఏంది, నా అక్షరాలు కంప్యూటర్ల సల్లగున్నయి" అని చూడవచ్చిన వాళ్లందరితో అంటున్నాడని రాశావు. అది చదివాకే ఫ్లాపీ తీశాను.

మీ నాయిన శిష్యుడు