తొమ్మిదీ పన్నెండుకి వచ్చిన ఫోను

అక్టోబరు 3

షార్లీన్ అక్కా,

ఫోనులో అయితే నాకు ఏడుపొస్తుంది, నేనేడిస్తే నువ్వూ ఏడుస్తావు. అందుకే రాస్తున్నాను. స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసు నా అర్జీని మూడోసారి తిప్పి పంపింది. మొదటిసారి "పిల్లల వివరాలు బయటికివ్వం" అన్నారు. పోయింది నా పిల్లాడే కదయ్యా అని రాశాను. రెండోసారి "మీరడిగింది మరీ ఎక్కువ, కుదించి అడగండి" అన్నారు. కుదించాను. ఇప్పుడేమో వాళ్ల లాయరు చూడాలట! స్కూలు కాగితాలు ఎవరైనా అడగొచ్చు, ఎందుకో కూడా చెప్పక్కర్లేదు, చట్టంలోనే ఉంది. ఇంతకీ నేనడిగిందేమిటి? జనవరి పదిహేడున, డాల్టన్ బడికి రాలేదని వాళ్లు నాకు ఫోను చేశారా లేదా అన్న ఒక్క కాగితం. చేశామంటారు. నా ఫోనులో వాళ్ల ఆఫీసు నంబరు వెతికి వెతికి కళ్లు పోయాయి. లేదు.

ఆ ఒక్క మాట చెప్పి ఉంటే వాడెక్కడున్నాడో నాకు తెలియదా అక్కా? పాత క్వారీలో నీళ్లు గడ్డకట్టాయంటే చాలు, ఆ గడ్డకి కన్నం పెట్టి, గాలం వేసుకుని అక్కడే ఉంటాడు. నా పని దగ్గర్నుంచి కారులో పది నిమిషాలు. పదకొండు ప్రాంతంలో మంచు విరిగి నీళ్లలో పడి ఉంటాడని డాక్టరు రాశాడు. జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చేదాన్ని. పదిహేనేళ్లు వాడికి. ఈపాటికి కారు నేర్పమని నా ప్రాణం తీస్తూ ఉండాల్సినవాడు.

"పెద్దావిడ పేరు అందరి ముందూ ఎందుకు తీశావే" అని కోప్పడ్డావు కదా. స్కూలు బోర్డు మీటింగులో మాట్లాడ్డానికి ఒక్కో మనిషికిచ్చేది మూడు నిమిషాలు. పేరు పెట్టకుండా అడిగితే వాళ్లు తల ఊపి తర్వాతి మనిషిని పిలుస్తారు. అందుకే అడిగాను, "వెర్నా ఓక్లీ గారూ, హాజరు చూసేది మీరే కదా, నా కొడుకు చచ్చిపోతుంటే మీరు కాఫీ తాగుతున్నారా?" అని. ఆవిడ తల దించుకుంది. వారం తిరక్కుండా ఇరవయ్యారేళ్ల ఉద్యోగం మానేసింది. తప్పు లేని మనిషి ఎందుకు మానేస్తుంది? చర్చి భోజనాల్లో ఆవిడ బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదట. కూర్చోనక్కర్లేదు. నేను మాత్రం ఆ కాగితం వచ్చేదాకా వదలను.

నీ చెల్లెలు
రోండా

నవంబరు 9

వెర్నా గారికి,

కవరు మీద నా పేరు చూసి చించెయ్యకుండా చదువుతున్నారంటే అది మీ మంచితనం.

నిన్న కాగితాలొచ్చాయి. నలభై ఒక్క పేజీలు. మిగతా పిల్లల పేర్లూ నంబర్లూ అన్నీ నల్లగా కొట్టేసి ఉన్నాయి. తొమ్మిదో పేజీలో ఒక్క వరస వదిలారు. జనవరి పదిహేడు, ఉదయం తొమ్మిదీ పన్నెండు. నా నంబరు. "మనిషి ఎత్తారు. ఆరు సెకన్లు." ఆ పిలుపులు మెషీను నుంచి వెళ్తాయట, నంబరు వేరేదట. నేను వెతికింది మీ ఆఫీసు నంబరు కోసం.

చదవగానే గుర్తొచ్చేసింది వెర్నా గారూ, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. వృద్ధుల ఆశ్రమం లాండ్రీలో, నాతో పనిచేసే గ్లాడిసూ నేనూ దుప్పట్లు మడత పెడుతున్నాం. ఏప్రన్‌లో ఫోను మోగింది. "మీ స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి ముఖ్యమైన సందేశం" అంటూ ఆ మెషీను గొంతు. ఆ గొంతు ఎన్నిసార్లు వింటామో మీకు తెలుసు. ఫొటోల రోజు, తలలో పేలు, రేపు మంచు పడితే సెలవు, మధ్యాహ్నం చికెన్ బదులు పిజ్జా. "మళ్లీ మొదలెట్టింది మహాతల్లి!" అని గ్లాడిస్‌తో అని కట్ చేశాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే నా బిడ్డ పేరు చెప్పేది. వాడప్పటికి బతికే ఉన్నాడు. చలికి ముక్కు కారుతూ, బకెట్ మీద కూర్చుని ఉంటాడు. నేను నవ్వుతున్నాను.

పది నెలలు మీమీద విషం కక్కాను. ఊరంతా మిమ్మల్ని వెలేసేలా చేశాను. నేను మింగాల్సింది మీ చేత మింగించాను. క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు. సోమవారం బోర్డు మీటింగుంది. నా పేరు రాయించాను. ఆ ఫోను ఎత్తింది నేనేనని, మీ తప్పేమీ లేదని అందరి ముందూ చెప్తాను. వీలైతే రండి. రాకపోయినా చెప్తాను.

రోండా ప్రూయిట్

నవంబరు 12

రోండా తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సోమవారం నువ్వు ఏమైనా చెప్పేముందు ఇది చదువు.

ఆ ఆరు సెకన్ల సంగతి నాకు జనవరిలోనే తెలుసు. పోలీసులు అడిగితే ఆ పేజీ తీసిచ్చింది నేనే. మీటింగులో నువ్వు నన్నడిగినప్పుడు ఒక్క మాటతో తేలిపోయేది. కొడుకుని మట్టిలో పెట్టొచ్చిన తల్లికి అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఆ పిల్ల కంట ఇది పడనివ్వకండయ్యా, ఏదో వంక పెట్టి తిప్పి పంపండి" అని ఆఫీసువాళ్లని బతిమాలాను. చట్టం ప్రకారం అది తప్పే. ఎన్నాళ్లు ఆపగలరు? చివరికి ఇవ్వక తప్పలేదు.

దీనికి నన్ను దేవతని చెయ్యకు. నేను నోరు మూసుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది మా ఆయనకి కూడా చెప్పలేదు.

హాజరు ఆఫీసు కిటికీ రోడ్డు వైపుంటుంది. ఎనిమిదిన్నరకి డాల్టన్ బకెట్టూ గాలం పట్టుకుని క్వారీ వైపు పోతుండగా చూశాను. ఇరవయ్యారేళ్లలో అలా తప్పించుకుపోయేవాణ్ణి ఒక్కణ్ణి కూడా వదల్లేదు. మెట్ల మీదికొచ్చి "ఒరేయ్, ఎక్కడికిరా!" అని ఒక్క కేక వేస్తే ఎంతటి వాడైనా తోక ముడిచి వెనక్కొచ్చేవాడు. ఆ రోజు వెయ్యలేదు. వాడి తాత పోయి మూడు వారాలే అయింది. ఆ క్వారీకి వాణ్ణి తీసుకెళ్లేది ఆయనే కదా. దుఃఖంలో ఉన్నాడు, పోనీలే, ఒక్కరోజు అనుకున్నాను. వాణ్ణి చూశారా అని ఎవరూ నన్నడగలేదు, నేనూ చెప్పలేదు. ఏ పేజీలోనూ లేదది. నువ్వు ఎన్ని అర్జీలు పెట్టినా నీకు దొరికేది కాదు.

కాబట్టి నా తప్పేమీ లేదని సోమవారం చెప్పకు. ఇదంతా విని ఏం చెప్పాలనిపిస్తే అదే చెప్పు. నేను వస్తాను, ముందు వరసలో కూర్చుంటాను.

గట్టిగా పిలిస్తే వినపడే దూరంలోనే ఉన్నాడమ్మా. కిటికీలో నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

వెర్నా