మన సైగలు ఇక్కడ ఎవరికీ తెలియవు

పుణె

రూతక్కకు, చెల్లెలు కరుణ వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వు, అమ్మ, నాన్న ఎలా ఉన్నారు? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? బిట్రగుంటలో ఎండలు అప్పుడే ముదిరాయట గదా. వీడియో కాల్‌లో నీ చేతులు ఆగి ఆగి కనబడుతున్నాయి, పైగా మధ్యలో అమ్మ వచ్చేస్తుంది. అందుకే రాస్తున్నాను.

ఉద్యోగం బాగానే ఉంది, బెంగపడవద్దు. వేళకు తింటున్నాను. పప్పులో బెల్లం వేస్తారు, అదొక్కటే. గోంగూర పచ్చడి అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు. గదికి వచ్చాక మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటాను. మన ఇంట్లో నీతో మాట్లాడే నా చేతులకు తీరికే ఉండేది కాదు.

మా జట్టులో నీలిమ అని కొత్తగా చేరింది. మేము రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె పని. ఆమెకూ నీలాగే వినబడదని తెలియగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. టీ వేళకు పరుగున వెళ్ళి, మన సైగతో ‘తిన్నావా’ అని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. ఇంకొకటి చేశాను, అదీ కాలేదు. ఆమె నవ్వుతూ చకచకా ఏదో చెప్పింది. నాకు ఒక్క ముక్క తెలియలేదు. ఆమెది బడిలో నేర్చుకున్న భాష. మనది మన వంటింట్లో మనమిద్దరం కల్పించుకున్నది. బయటికి వెళ్ళి ఏడ్చాను అక్కా. నేను ఊరు వదిలాక ఒంటరినయ్యాను. నువ్వు ఊళ్ళోనే ఉండి ఇన్నేళ్ళూ ఒంటరిగా ఉన్నావు.

నీలిమే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఫోనులో టైపు చేసుకుంటూ మాట్లాడుకున్నాం. ఈ పనిలోకి ఎలా వచ్చావని అడిగితే నీ గురించే చెప్పాను. నాన్న నెల్లూరులో కొన్న పాత కంప్యూటర్‌లో ఆట ఉండేది, గుర్తుందా? తప్పు కొడితే మోగేది. ఆ మోత వినబడక నువ్వు ఓడిపోతుంటే, మోతకు బదులు తెర ఎర్రబడేలా మార్చాలని సెలవులన్నీ దాని ముందే కూర్చున్నాను. ఆటగా మొదలుపెట్టిందే నాకు చదువైంది, ఉద్యోగమైంది.

“మరి మీ అక్క ఏం చదివింది?” అని నీలిమ అడిగింది.

ఐదో తరగతి దాటాక నీకు చదువు చెప్పేవాళ్ళు లేరని టైపు చేయడానికి నాకు చాలా సేపు పట్టింది.

పెద్దవాళ్ళకు కూడా సైగల భాష, కంప్యూటర్ నేర్పే చోటు ఇక్కడ ఉందట. తను కంప్యూటర్ పని అక్కడే నేర్చుకుందట. నిన్ను రమ్మని చెప్పమంది. అమ్మకు ఫోను చేసి చెబితే, “దాన్ని అంత దూరం ఎట్ట పంపించేది? ఆశ పెట్టబాక, దాన్ని అడగనే అడగబాక” అంది. అమ్మ భయం నాకు తెలుసు. కానీ నిన్ను అడగకుండా నీ సంగతి మేమిద్దరం తేల్చేయడం నాకు నచ్చలేదు.

నా గదిలో ఇద్దరికి చోటుంది. నువ్వు సరేనంటే నేనే వచ్చి తీసుకొస్తాను, అమ్మతోనూ నేనే మాట్లాడతాను. ఇష్టం లేకపోతే అదే రాయి, నాకేం కోపం రాదు. అమ్మ ఏమందో, నాన్న ఏమన్నాడో రాయవద్దు. నీకు ఏం కావాలో రాయి.

అమ్మానాన్నలకు నా నమస్కారాలు. పాస్టరు గారికి వందనాలు చెప్పు. నీ ప్రార్థనలో నన్ను మరువకు.

నీ చెల్లెలు
కరుణ