మనదా, పరాయిదా

నవంబర్ 2
తుపాకులు అమ్మి కొనే గన్ షోకి డ్వైట్ రాలేదు. మా ఇద్దరి బల్లలూ ఎప్పుడూ పక్కపక్కనే. నా దగ్గర తుపాకులన్నీ అమెరికాలో తయారైనవే. వాడి దగ్గర అన్నీ జర్మనీవి, జపాన్‌వి, స్వీడన్‌వి. వాటిని నేను పరాయి ఇనుము అంటాను. వాడు నన్ను బావిలో కప్ప అంటాడు. పొద్దుగూకేదాకా అదే పోట్లాట. ఈసారి వాడి చోట ఎవడో ఎండబెట్టిన జింక మాంసం అమ్ముకున్నాడు.

వాడి భార్య లొరెట్టా పోయి రెండు నెలలు కాలేదు. ఎలా వస్తాడులే.

నవంబర్ 6
ఫోన్ తీయడం లేదు.

నవంబర్ 7, ఉదయం
వాడే చేశాడు. కాసేపు చలి గురించి, జింకల వేట గురించి మాట్లాడాడు. తర్వాత గొంతు మారింది.

"వెర్నన్, నీకు పుణ్యముంటుంది, వచ్చి నా తుపాకులు పట్టుకుపోరా. అవి ఇంట్లో ఉంటే నా మీద నాకే నమ్మకం లేదు."

మా తుపాకుల వాళ్లలో ఈ మాట అడిగితే ఎందుకని అడగరు. ట్రక్ తీస్తారు.

అదే రోజు, సాయంత్రం
వాడు తుపాకులు దాచే ఇనప సేఫ్ ఖాళీ చేశాం. ఒక్కోదాన్నీ లొరెట్టా పాత దుప్పట్లలో చుట్టి ఇచ్చాడు. వాళ్ల నాన్న యుద్ధం నుంచి తెచ్చిన జపాన్ రైఫిల్‌ని మాత్రం చాలాసేపు వదల్లేదు. మా గడప తొక్కే మొదటి పరాయి తుపాకులు ఇవేనన్నాను. నీ వాటి పక్కన పెట్టకురా, నీ బుద్ధులు అంటుకుంటాయి అన్నాడు. నవ్వాడు కూడా. అంత్యక్రియల తర్వాత వాడు నవ్వడం ఇదే మొదటిసారి. నాకు ప్రాణం లేచొచ్చింది.

మా ఇంటికి వచ్చి ఉండమంటే, లొరెట్టా కోళ్లకు మేత ఎవరు వేస్తారన్నాడు.

పిట్స్‌బర్గ్ నుంచి వాడి కూతురు జోలీన్ ఫోన్ చేసింది. అన్నీ తెచ్చేశారా అని అడిగింది. అన్నీ తెచ్చేశాను, నిశ్చింతగా పడుకో తల్లీ అన్నాను.

నవంబర్ 15
డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు హోటల్లో సగం ప్లేటు తిన్నాడు. ఎండలు వచ్చాక తుపాకులు తెచ్చిద్దువుగాని అన్నాడు. ఎండల దాకా ఉంటానంటున్నాడు కదా. అది చాలు.

నవంబర్ 21
వాడి తుపాకులకు నూనె పెట్టాను. ఒప్పుకోవాలంటే కడుపు మండుతోంది గాని, ఆ స్వీడన్ రైఫిల్ బోల్టు వెన్నలా కదులుతుంది. నా వాటిలో ఒక్కటీ దాని కాలిగోటికి సరిపోదు. ఇన్నేళ్లూ వాడితో వట్టి మొండివాదం చేశాను. థాంక్స్‌గివింగ్ పండగ గురువారం భోజనానికి పిలిచాను. అప్పుడు చెప్తాను. చచ్చేదాకా దెప్పుతాడు, దెప్పనీ.

నవంబర్ 24, తెల్లవారుజామున
నా వాటిని తుడుస్తున్నాను. ఒక్క తూటా పట్టే పాత సింగిల్ షాట్ తుపాకీ చేతికి రాగానే దాని జత గుర్తొచ్చింది.

అది వాడి దగ్గరే ఉంది. వాడు రిటైరైన రోజు నేనే రిబ్బను కట్టి ఇచ్చాను, నీ ఇంట్లో ఒక్కటైనా మన దేశంది ఉండాలిరా అని ఎగతాళి చేస్తూ. తన సేఫ్‌లో దానికి చోటు లేదని కోళ్లపాకలో నిలబెట్టాడు. నక్కలు వస్తే పనికొస్తుందన్నాడు. వాడి కలెక్షన్ అంటే పరాయివే. వాడికీ అంతే, నాకూ అంతే. దాన్ని తుపాకీ కింద లెక్కేయలేదు.

ఫోన్ తీయడం లేదు. వెళ్తున్నాను.

అదే రోజు
కోళ్లకు మేత వేసి ఉంది. నీళ్లు కూడా మార్చి ఉన్నాయి.

ఆ రోజు సేఫ్ ఖాళీ చేసేటప్పుడు వాడికి అది గుర్తుందో లేదో అడుగుదామంటే ఇక వాడు లేడు.

నవంబర్ 25
జోలీన్ వచ్చింది. నా మీద అరిచినా బాగుండేది. అరవలేదు. ఒక్క మాటే అడిగింది.

"అన్నీ అన్నారు కదా బాబాయ్?"

నవంబర్ 27
పోలీసు కుర్రవాడు వచ్చాడు. ఆ తుపాకీ గురించి రాసుకోవాలట. మనదా, పరాయి దేశందా అని అడిగాడు.

మనదే అన్నాను.