దొరగారి దురద, నా దీక్ష

3వ తేదీ, సోమవారం. 1వ రోజు.

ఉ. 6.10: టీ. బిస్కెట్లు మూడున్నర. మనసు మహా ఉల్లాసంగా ఉంది!

సంగతేమిటంటే, మా కుక్క దొరగారు నెలరోజులుగా గోక్కుంటున్నాడు. (నడక చూసి అమ్మాయి పెట్టిన పేరు.) చెవి వెనక బొచ్చంతా ఊడింది. కాలివేళ్ల మధ్య కొరుక్కుని కొరుక్కుని పుండు చేసుకున్నాడు. స్నానాలయ్యాయి, పూతమందులయ్యాయి. ఊహూఁ. మొన్న డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

"పురుగూ పుట్రా ఏం లేవండీ. తిండిలో ఏదో పడటం లేదేమో చూద్దాం. ఎనిమిది వారాలపాటు ఈ సంచిలోది తప్ప ఇంకేదీ వాడి నోట్లోకి పోకూడదు. ఒక్క ముక్క పోయినా మళ్లీ ఒకటో రోజు నుంచే లెక్క. డైరీ రాయండి. ఎన్నిసార్లు గోక్కున్నాడు, ఇంట్లో ఎవరేం తిన్నారు, అన్నీ."

ఎనిమిది వారాలంటే ఎంత! చిటికెలో అయిపోతాయి. ఇరవై ఏళ్లుగా తాళాలు చేసి బతుకుతున్నవాణ్ని, ఒక నోటికి తాళం వెయ్యలేనా?

రా. 8.00: భోజనాల బల్ల దగ్గర మీటింగు. మా ఆవిడ, అమ్మాయి, అత్తయ్య. ముగ్గురిచేతా ఒట్టు వేయించాను.

ఆవిడ అంది: "మీరేదైనా మొదలెట్టారంటే నాకు భయమండీ. వ్యాయామం సైకిలు మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నాను."

పట్టించుకోలేదు.

4వ తేదీ, మంగళవారం. 2వ రోజు.

ఉ. 6.10: టీ. బిస్కెట్లు మూడున్నర.

గోకుళ్లు: 61. సంచిలోది పెట్టాను. వాసన చూసి, నా మొహం చూసి, మళ్లీ వాసన చూసి, నామీద జాలిపడి తిన్నాడు. భేష్!

7వ తేదీ, శుక్రవారం. 5వ రోజు.

టీ. బిస్కెట్లు మూడున్నర. గోకుళ్లు: 63. పెరగడమేమిటి? ఇంట్లో దొంగలున్నారు.

సా. 5.00: అత్తయ్య కళ్లద్దాల పెట్టె దగ్గర దొరగారు తోక ఊపుతూ నిలబడ్డాడు. కళ్లద్దాలకి తోక ఊపే కుక్కని నేనెక్కడా చూడలేదు. తెరిచాను. ఉడికిన గుడ్డు!

"అదేంటి నాయనా, ఆడవాళ్ల పెట్టెలు సోదా చేస్తావా?"

"ఇందులో గుడ్డెందుకుంది అత్తయ్యా?"

"నాకే. రాత్రికి తిందామని."

"సగం కొరికి ఉంది. మీరు కొరికితే ఇన్ని పళ్లగాట్లు పడవు."

"నోరులేని జీవి, అలా చూస్తుంటే నాకు ముద్ద దిగదయ్యా!"

తెల్లసొన మాత్రమే పెట్టారట. తెల్లసొన తేలిగ్గా అరుగుతుంది. కాబట్టి లెక్కలోకి రాదు. 5వ రోజే.

9వ తేదీ, ఆదివారం. 7వ రోజు.

ఇక మెతకగా ఉంటే లాభం లేదు. ఫ్రిజ్, బ్రెడ్డు డబ్బా, బీరువా, చెత్తబుట్ట... మొత్తం ఏడు తాళాలు బిగించాను. తాళంచెవులన్నీ ఒకే గుత్తికి. నా పనితనం నాకే ముచ్చటేసింది.

మ. 12.40: గుత్తి కనబడటం లేదు.

12.55: గుర్తొచ్చింది. పాలు లోపల పెడుతూ గుత్తి పాల పక్కన పెట్టాను. తర్వాత ఫ్రిజ్‌కి తాళం నొక్కాను.

1.00: నా పనిముట్ల సంచి బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి గుత్తిలో ఉంది.

1.30: ఆవిడ: "ఊరందరి తలుపులూ తెరుస్తారు. మాకు అన్నం మాత్రం తెరవలేరు."

2.20: అమ్మాయి జడపిన్ను పెట్టి రెండు నిమిషాల్లో తీసేసింది. "నువ్వు నేర్పిందే కదా నాన్నా." గర్వపడాలో, కొత్త తాళం కొనాలో తెలియలేదు.

కరువులోంచి వచ్చినట్టు అందరం నిలబడే తిన్నాం. ఎవరి చేతిలోంచి ఏం జారిందో ఎవరూ చూడలేదు. నేల మాత్రం అద్దంలా ఉంది. తుడిచినవాళ్లెవరని నేనడగలేదు. ఆకలి అత్యవసర పరిస్థితి. 7వ రోజే.

13వ తేదీ, గురువారం. 11వ రోజు, సుమారుగా.

టీ. బిస్కెట్లు మూడున్నర. గోకుళ్లు నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. పుండు మళ్లీ చితికి రక్తం వచ్చింది. కట్టు కడుతుంటే మూలిగాడు, అయినా నా చెయ్యే నాకాడు. ఈ ఇంట్లో వీడి గురించి బెంగ ఉన్నది నాకొక్కడికే.

15వ తేదీ, శనివారం. 13వ రోజు.

డాక్టరమ్మ దగ్గరికి అందరం వెళ్లాం. కట్టు విప్పి చూసి, "నిజం చెప్పండి, ఎవరేం పెట్టారు?" అంది.

అత్తయ్య గుడ్డు ఒప్పుకుంది. మా ఆవిడ, "మాత్ర మింగడని వెన్నలో చుట్టి..." అని నసిగింది. అమ్మాయి, "కేకు చేతికంటింది, నాకనిచ్చాను. మూడుసార్లు," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "చూశారా డాక్టరుగారూ! రెండు వారాలుగా ఒంటిచేత్తో ఈదుతున్నాను. మనుషులకి నిగ్రహం ఉండక్కర్లేదా?" అని ఒక ఉపన్యాసం దంచాను.

డాక్టరమ్మ నా డైరీ తిరగేస్తోంది.

"రోజూ బిస్కెట్లు మూడున్నర అని రాశారు. ఎందుకండీ ఆ అర?"

"నాలుగు తీసుకుంటానండీ."

"మిగతా అర?"

ఎనిమిదేళ్లుగా పొద్దున్నే టీ దగ్గర నాలుగో బిస్కెట్టు విరవడం, అర నాకు, అర వాడికి. చెయ్యి దానంతటదే వెళుతుంది. నా మనసులో అది తిండి కాదు. మేమిద్దరం గుడ్ మార్నింగ్ చెప్పుకోవడం.

"పాలపొడి, వెన్న, గోధుమ," డాక్టరమ్మ వేళ్లు మడిచింది. "పదమూడు రోజులూ, ఒక్క పూట తప్పకుండా."

"నా కళ్లద్దాల పెట్టె సోదా చేసిన పెద్దమనిషి!" అంది అత్తయ్య. ముగ్గురూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, బల్లమీద వాడి పచ్చిపుండు కనిపించి సిగ్గుతో చచ్చిపోయాను.

16వ తేదీ, ఆదివారం. 1వ రోజు.

తాళంచెవుల గుత్తి మా ఆవిడకి అప్పగించాను. నామీద కాపలాకి అత్తయ్యని పెట్టారు.

ఉ. 6.40: దొరగారు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చెయ్యి చాచాను. ఖాళీ చెయ్యి. వాసన చూశాడు. ముక్కుతో తిప్పి చూశాడు. నా మొహంలోకి చూశాడు. ఏడుపొచ్చింది, రాయడానికి నామోషీ లేదు.

6.50: తల తెచ్చి ఆ ఖాళీ చేతిలోనే పెట్టి నిద్రపోయాడు.

7.01: పదకొండు నిమిషాలు. ఒక్కసారి కూడా గోక్కోలేదు. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర్లు పోతున్నాయి.

7.04: నా వీపు మీద దురద.

7.09: అబ్బబ్బ, భరించలేని దురద! గోక్కోను. కదిలితే లేస్తాడు.