రెండో రీడింగ్

మార్చి 3, సోమవారం

మూడో బెడ్డులో డ్రైవింగ్ స్కూలు మాస్టారికి ఇవాళ కూడా జ్వరం దిగలేదు. నాలుగో రోజు. రక్తంలో బాక్టీరియా ఉంది. మెడికల్ జర్నల్లో వచ్చిన నా పేపర్ చెప్పినట్టే పాత ఇంజెక్షన్‌తో మొదలుపెట్టాం. ప్లేటు మీద మందు బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఇరవై మిల్లీమీటర్లు వచ్చింది. ఇరవై వస్తే మందు పనిచేస్తుంది, పంతొమ్మిదైతే చెయ్యదు. అదీ లెక్క. మరి చెయ్యదేం?

మాస్టారు మాత్రం జోకులు మానలేదు. ముప్పై ఏళ్ళు ఊరందరికీ బ్రేకు నొక్కడం నేర్పాను, నా జ్వరానికే బ్రేకు పడట్లేదు డాక్టరమ్మా అన్నాడు. నవ్వాను. బయటికొచ్చి సిస్టర్ మీద విరుచుకుపడ్డాను, డోసులు టైముకి ఇవ్వట్లేదని. పాపం టైముకే ఇస్తోంది, చార్టులో ఉంది. చూడకుండానే అరిచాను.

నాకు ముక్కు మీదే కోపం. లోకానికంతా తెలిసిందే, డైరీకి తెలిస్తే ఏమైంది.

మార్చి 5, బుధవారం, ఉదయం 8.20

నా స్కేలు తెల్లకోటు జేబులో ఉండిపోయింది, కోటు ఉతకడానికి వెళ్ళింది. స్టోర్స్ నుంచి కొత్త స్కేలు తెప్పించి మాస్టారి రెండో ప్లేటు కొలిచాను. పంతొమ్మిది. పనికిమాలిన సరుకు కొంటారు, సరిగ్గా గీతలు కూడా ఉండవు అని స్టోర్స్ వాణ్ణి తిట్టుకున్నాను.

మధ్యాహ్నం 1.00

కోటు వచ్చింది. నా స్కేలుతో ఇరవై.

రెండు స్కేళ్ళూ కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టి చూశాను. నా స్కేలు చివర సున్నా ఉండాల్సిన చోట ఒకటో గీత ఉంది. మొదటి మిల్లీమీటరు లేదు. అరిగిపోయింది. అంటే దీంతో ఏది కొలిచినా ఒకటి ఎక్కువే వస్తుంది. నా పేపర్‌కి కొలిచిందంతా దీంతోనే.

మాస్టారికి పాత మందు ఆపేసి, ఏదీ పనిచెయ్యనప్పుడు మాత్రమే వాడే రిజర్వు మందు రాశాను. అది కిడ్నీల మీద పడుతుంది. తెలిసే రాశాను, ఇంకో దారి లేదు.

మార్చి 6, గురువారం

పర్లేదు. కొంపేం మునగలేదు. రెండో కన్ను ఉంది కదా.

మా లాబ్‌లో ఒక పద్ధతుంది, పెట్టింది నేనే. ప్రతి ప్లేటూ ఇద్దరు చదవాలి. ఎనిమిదింటికి నేను, తొమ్మిదింటికి నా స్నేహితురాలు, అదే. ఎవరి స్కేలు వాళ్ళది, ఎవరి నోట్‌బుక్ వాళ్ళది, ఎవరి సొరుగుకి తాళం వాళ్ళది. ఒకళ్ళ అంకె ఒకళ్ళు చూడకూడదు. ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదివినా మనిషికీ మనిషికీ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. అందుకే ఇద్దరం.

పదకొండేళ్ళుగా రెండో రీడింగ్ దానిదే. అందుకే లాబ్‌లో అందరూ దాన్ని రెండో కన్ను అంటారు. హాస్టల్లో ఐదేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. మా అమ్మాయికి అది పిన్ని. నా సొరుగు డూప్లికేట్ తాళం కూడా దాని దగ్గరే ఉంటుంది, నేను ఎలాగూ పారేసుకుంటానని నేనే ఇచ్చాను.

నా స్కేలు తప్పయితే దాని స్కేలు పట్టిస్తుంది. పేపర్ బతుకుతుంది. ఇలా అనుకుంటూ దాని గది దాకా వెళ్ళాను. గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

పేపర్లో నేనే రాశాను కదా. నాలుగొందల పన్నెండు ప్లేట్లు, ఇద్దరు రీడర్లు, ఒక్క తేడా లేదు. ఇది సాధ్యమేనా అని అప్పట్లో రివ్యూయర్ అడిగాడు కూడా. ఇన్నేళ్ళ అలవాటండీ, మా కళ్ళు అలాంటివి అని పొగరుగా జవాబిచ్చాను.

నాకు ఒకటి ఎక్కువ వస్తుంటే, దానికీ ఒకటి ఎక్కువ ఎలా వచ్చింది?

మార్చి 8, శనివారం

నోట్‌బుక్ అడిగాను. ఒకళ్ళది ఒకళ్ళు చూడకూడదు కదా అని కూడా అనకుండా తీసిచ్చింది. అప్పుడే అర్థమైంది.

రెండూ పక్కన పెట్టుకుని మొత్తం చూశాను. నాది ఇరవై, దానిది ఇరవై. నాది ఇరవై మూడు, దానిది ఇరవై మూడు. నాలుగొందల పన్నెండూ అంతే. కవలలకైనా పుట్టుమచ్చ తేడా ఉంటుంది.

అడిగాను. మొదట ఏదో పొరపాటు జరిగి ఉంటుందంది. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, అవును, నీ సొరుగు తీసి నీ అంకెలే రాశాను అంది. ఎందుకే అన్నాను. తొమ్మిదేళ్ళ కిందట ఒక ప్లేటుకి తను పదిహేడంటే నేను పంతొమ్మిదన్నానట. స్టూడెంట్లందరి ముందూ తన నోట్‌బుక్ నేలకేసి కొట్టి, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా అన్నానట. నీతో తేడా వస్తే ఏమవుతుందో ఆ రోజే తెలిసిపోయింది, ఇక తేడా రానివ్వలేదు అంది.

నాకు గుర్తులేదు అన్నాను. నిజంగానే లేదు. నీకెందుకు గుర్తుంటుంది అని నవ్వింది.

అంత కోపముంటే నా చెంప మీద ఒకటి ఇవ్వొచ్చుగా! మా ఇంటికొచ్చి పోట్లాడొచ్చుగా! ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని, నా డబ్బాలోంచి తిని, నా వెనక నా సొరుగు తీసి నా అంకెలు కాపీ కొడుతుందా? కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి? నేను అది కాపలా ఉందని నిద్రపోయాను. నా పేపర్ చూసి మందు రాసినవాళ్ళందరూ అలాగే నిద్రపోయారు.

లెక్క వేశాను. పాత మందు వందలో ఎనభై నాలుగు మందికి పనిచేస్తుందని రాశాం. సరిగ్గా ఇరవై వచ్చినవి అరవై ఒకటి ఉన్నాయి. అవన్నీ నిజానికి పంతొమ్మిది. అవి తీసేస్తే వందకి అరవై తొమ్మిది. ఆ అరవై ఒక్క మందిలో ఒక్కొక్కరూ ఒక మూడో బెడ్డు.

మార్చి 11, మంగళవారం

మూడేళ్ళ కిందటి డైరీ దొరికింది. స్టడీ మొదలయ్యే ముందు రోజు రాసుకున్నాను: స్కేలు మూల విరిగి గ్లోవ్ చిరుగుతోంది, మెట్ల రాయి మీద అరగదీశాను, ఇప్పుడు నున్నగా ఉంది, రేపు మొదటి ప్లేటు.

నా చేత్తో నేనే అరగదీశాను. అదో గొప్ప పనైనట్టు రాసుకున్నాను కూడా. వలయం ఎంత రావాలో ముందే తెలిసిన కంట్రోల్ బాక్టీరియాని ప్రతివారం కొలుస్తాం, అది రేంజ్ లోపలే ఉంది, కాకపోతే ఎప్పుడూ పై హద్దు పక్కనే. అదీ చూశాను. పట్టించుకోలేదు.

మార్చి 14, శుక్రవారం

పేపర్ వెనక్కి తీసుకుంటానని డైరెక్టర్‌కి చెప్పాను. గోరంతను కొండంత చేస్తున్నారు, ఒక్క మిల్లీమీటరుకి సంస్థ పరువు తీస్తారా అన్నాడు. తప్పదంటే రెండో రీడర్ నిర్లక్ష్యమని రాసెయ్యండి, ఆవిడ ఎలాగూ సెలవు పెట్టింది, మీ పేరు నిలబడుతుంది అన్నాడు.

ఇంటికొచ్చి జర్నల్‌కి ఉత్తరం అలాగే రాశాను. ‘రెండో రీడర్ ప్లేట్లు చదవకుండానే అంకెలు నింపడం వల్ల...’ రాస్తుంటే హాయిగా ఉంది. అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉంది.

మార్చి 17, సోమవారం

మా ఆయన కాఫీ కలుపుతూ అడిగాడు, అది అది అనేదానివి, ‘ఆవిడ’ ఎప్పటినుంచి అయింది అని. నేను గమనించుకోనే లేదు. గౌరవం పెరిగిందిలే అన్నాను. ఉత్తరం చూపిస్తే చదివి, నువ్వు నోట్‌బుక్ విసిరికొట్టడం నాకు గుర్తుంది, ఆ రోజు ఇంటికొచ్చి నువ్వే గొప్పగా చెప్పావు అన్నాడు.

కాఫీ వదిలేసి లేచి వెళ్ళిపోయాను.

మార్చి 20, గురువారం

మాస్టారికి జ్వరం దిగింది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు డయాలిసిస్, ఎన్నాళ్ళో చెప్పలేను. మొదటి రోజే మందు తప్పు ఇచ్చాం, తప్పు నాది అని చెప్పాను. మాస్టారు విని, నేర్చుకునేవాడు గుద్దితే పక్కన కూర్చున్న నాదే బాధ్యత డాక్టరమ్మా, అందుకే నా వైపూ ఒక బ్రేకు పెట్టించుకున్నాను అన్నాడు. మీ పక్కన ఎవరూ లేరా అని అడిగాడు.

ఉంది అన్నాను.

మార్చి 27, గురువారం

ఫ్రీజర్‌లో దాచిన బాక్టీరియా తీసి మళ్ళీ పెంచుతున్నాను. కొత్త స్కేలుతో మళ్ళీ కొలుస్తున్నాను. చివరివి ముందు తీశాను, వెనక నుంచి ముందుకి వస్తున్నాను. ఆవిడ నోట్‌బుక్ తెరిచి, వచ్చిన అంకె పక్కన టిక్కు పెట్టుకుంటున్నాను.

ఉదయం తొమ్మిదింటికి ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పేజీ మీద పడింది. ఇంకుతో రాసిన ఇరవై కింద కాగితం నొక్కుకుపోయి ఉంది. పెన్సిలుతో రాసి చెరిపిన గుర్తు. పంతొమ్మిది.

పేజీ తిప్పాను. ఇంకు ఇరవై రెండు, కింద ఇరవై ఒకటి. ఇంకు పదహారు, కింద పదిహేను. ఇంకోచోట ఇంకు ఇరవై నాలుగు, కింద ఇరవై రెండు. నేను ఇవాళ కొలిచినవాటికి దాదాపు సరిపోతున్నాయి.

చదవకుండా రాసిందనుకున్నాను. ప్రతి ప్లేటూ చదివింది. సరిగ్గా చదివింది. చదివి, నా సొరుగు తీసి చూసి, తన అంకె చెరిపేసింది.

నాకు తెలియక తప్పు చేశాను. దీనికి తెలుసు. మూడేళ్ళూ తెలుసు. ఇంతకన్నా చదవకుండా కాపీ కొట్టడమే నయం.

ఏప్రిల్ 2, బుధవారం

ఉత్తరం చింపి మళ్ళీ రాశాను. స్కేలు నాది, అరగదీసింది నేను, రెండో రీడర్ సరైన అంకెలే చదివింది, వాటిని చెప్పలేని పరిస్థితి లాబ్‌లో ఉంది, ఆ లాబ్ నాది. డైరెక్టర్ చదివి, నిండా మునిగినవాళ్ళకి చలేముంటుందిలెండి అన్నాడు. నా ప్రాజెక్టులన్నీ ఆగిపోతాయట. ఆగనీ. గురివింద గింజకి కింద నలుపు చూసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

దానికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. క్షమించానా? లేదు. అది నన్ను క్షమించిందా? అడిగే ముఖం లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

మొదటి పేజీల దాకా వచ్చాను. ప్లేటు నంబరు తొమ్మిది. స్టడీ మొదలైన రెండో వారం. అంచున పెన్సిలుతో రాసి చెరిపిన నాలుగు మాటలు. ఎండకి ఎదురు పట్టుకుంటే కనిపించాయి.

నీ స్కేలు ఒకసారి చూసుకోవే.

అప్పటికి ఇంకా నాలుగొందల మూడు ప్లేట్లున్నాయి.