కోసి కాదు, తెడ్డు ఆన్చి వినవలెనని

చేపల కార్యాలయపు పెద్ద అధికారి డాక్టర్ ఫాబ్రిసియో గారి సముఖమునకు, మాగ్దలేనా ఏటి ఒడ్డున, పాయ వచ్చి ఏటిలో కలిసే గార్సా మొగలో చేపలు ఎండబెట్టుకుని బతికే ఒబ్దూలియా మెర్కాదో, వయసు డెబ్బై నాలుగు, వ్రాసుకున్న అర్జీ.

విషయం: గుడ్లతో ఉన్న నలభై బొకాచీకో చేపలను బలి ఇవ్వకుండా నిలుపుట గురించి.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. తమ తల్లిగారి మోకాలు ఎలా ఉన్నది? మెట్లు దిగేటప్పుడు పట్టుకునే మనిషి ఉన్నదా? తమ గుమస్తా బ్లాంకా గారి దగ్గు తగ్గినదా? పడవ నడిపే కాసిమిరోకు చెవిపోటు అన్నారు, వానలో తిరగనివ్వకండి. ఇక్కడ నేనూ నా కోళ్ళూ బాగానే ఉన్నాము. బాగా లేనివి మా మొగలోని చేపలు, అందుకే ఈ కాగితం. చెమటకు ఒక మూల సిరా అలికింది. ఆ కారణం చేత అర్జీ కొట్టివేయవద్దు.

1. ఏప్రిల్ నెలలో తమ కార్యాలయము వారు మా రేవు గోడకు ప్రకటన అంటించినారు. "శాస్త్ర పరిశీలనార్థము నలభై ఆడ చేపలు బలి ఇవ్వబడును" అని అందులో ఉన్నది. మా ఊరిలో ఆ మాట గుడిలో పూజపీఠం దగ్గరే వింటాము. ఆదివారం అందరం పోయి మా ఫాదర్ చుట్టూ మూగాము.

"ఏ పునీతుడికి ఫాదర్, ఈ మొక్కు?" అని నేనే అడిగాను.

"నాకు తెలిసిన పునీతులెవరూ చేపల్ని అడగలేదమ్మా. ఆఫీసోళ్ళనే అడుగు" అన్నారు.

తమ పరిశోధకురాలు మారీసెల్‌ను అడిగితే, "బలి అంటే చంపడమే అవ్వా, కాగితాల్లో అట్లా రాస్తాం" అన్నది. చంపడానికి చంపడమనే మాట ఉండగా దేవుణ్ణి మధ్యలోకి ఎందుకు లాగినారో తమరు సెలవివ్వవలెను.

2. ఎప్పుడు గుడ్లు వదులుతాయో తెలుసుకోవడానికే కోస్తారట. పోయినేడు కోసిన నలభై ఆ సాయంత్రమే వదలవలసినవి. ఆ మాట నేను ఒడ్డున నిలబడి అరిచి చెప్పాను. ఒక్కో కడుపులో లక్ష గుడ్లుంటాయని మారీసెలే అన్నది. బతికి ఉండగా చెప్పబోయే సంగతిని, చంపి అడిగినారు.

3. నీరు పెరిగిన రోజున మగ బొకాచీకో గుర్రుమంటుంది, దూరాన ఎవరో మోటారు సైకిలు నడుపుతున్నట్టు. తెడ్డు రెక్క నీళ్ళలో ముంచి పిడి చివర దవడ ఎముకకు ఆన్చితే వినపడుతుంది. మా అమ్మ నేర్పిన విద్య ఇది. పోయినేడు కోత తరువాత మళ్ళీ నీరు పెరిగిన రోజున చెబితే మారీసెల్ ముందు నవ్వింది.

"పళ్ళు లేని దవడకి కూడా వినిపిస్తుందా అవ్వా?"

"పళ్ళతో వింటానా తల్లీ? నీకు ముప్ఫై రెండూ ఉన్నాయిగా, రా, నువ్వు పట్టు."

పట్టింది. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. "అవ్వా, కూస్తున్నాయి!"

"కూయడం కాదే, పెళ్ళాల్ని పిలుస్తున్నాయి. నోరు మూసుకో, దోమ దూరుతుంది."

మర్నాడు తన నీటి మైకు దించితే అదే చప్పుడు దాని రికార్డింగు డబ్బాలో పడింది. దిగువన పలచటి గుడ్డ కట్టితే నానిన సగ్గుబియ్యంలాంటి గుడ్లు చిక్కాయి. లెక్క చూసుకుని మళ్ళీ ఏటిలో వదిలాము. ఒక్క చేపకు గాటు పడలేదు.

4. ఆ సంగతి మారీసెల్ తమకు వ్రాయగా, ఏడో నంబరు పట్టికలో గుడ్ల సంచి బరువుకు గడి ఉన్నది గాని చప్పుడుకు గడి లేదు, కనుక చెల్లదని జవాబిచ్చినారు. గడి లేదని కడుపు కోస్తారా అయ్యా? నా మనవరాలికి కవలలని ఆరోగ్య కేంద్రంలో కడుపు మీద జిగురు రాసి చెప్పినారు. కత్తి తీసినవారు లేరు. చేప నోరులేనిది కనుకనా? అది నోరున్నదేనని పైన మనవి చేసుకున్నాను.

5. ఇలా వ్రాసినందుకు జైలులో వేస్తారేమోనని మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. కోళ్ళకు గింజలు ఎవరు వేస్తారు? వాన వస్తే ఎండు చేప ఎవరు ఎత్తుతారు? అయినా వ్రాస్తున్నాను. తమ పడవ కోతకు వచ్చిన రోజున నా దోనె మొగకు అడ్డంగా కట్టి అందులో కూర్చుంటాను. నాకు ఈత రాదు. ఈ సంగతి కూడా కార్యాలయపు పుస్తకంలో ఎక్కించవలెను.

కావున పట్టికలో చప్పుడుకు ఒక గడి గీయించి, ఆ బలి అనేదాన్ని నిలుపుదల చేయించి, ముసలిదాని మాటను చెవిన వేసుకుని చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఈ ఒక్క విషయంలో తప్ప),
ఒబ్దూలియా మెర్కాదో

మరచినాను: పోయినేడు నా గుడిసెలో దాచమన్న తమ వల నా దగ్గరే ఉన్నది. మొన్న కాసిమిరో వచ్చి, "వల ఇచ్చెయ్ దొడ్డమ్మా, నన్ను తిడతారు" అన్నాడు.

"అందులో కోడి పొదుగుతోంది నాయనా."

"లేపి పక్కన పెట్టు."

"నువ్వు లేపు చూద్దాం!"

కోడిని అందులో కూర్చోబెట్టింది నేనే, దాచను. గుడ్ల మీద ఉన్నదాన్ని మా ఇంట ఎవరూ కదిలించరు. పిల్లలు దిగేదీ, ఏటికి నీరు ఎక్కేదీ ఒకే వారంలో. అప్పుడు కాసిమిరోను పంపడం కాదు, తమరే రండి. తల్లిగారినీ తీసుకురండి, రేవు మెట్ల దగ్గర నేను పట్టుకుంటాను. మొగలో ఎడమ పక్క నీళ్ళ కింద మొద్దు ఉన్నది, పడవ జాగ్రత్త. పెద్ద తెడ్డు తమ కోసం కడిగి ఉంచాను. మారీసెల్ క్యాలెండరులో గుర్తు కూడా పెట్టింది: మే పదిహేడు, శనివారం, పొద్దు వాలే వేళకు.