బొట్టుబిళ్లల అద్దం

ఆదివారం, రాత్రి

కొత్తగా తెచ్చిన రాస్ అనే సముద్రపు చేపను నాలుగు రోజులు అక్వేరియం ట్యాంకులోనే చిల్లుల డబ్బాలో ఉంచి, పాత పసుపు రాస్‌కు చూపించి అలవాటు చేశాను. ఇవాళ పొద్దున వదిలానో లేదో, పాతది మీదపడి దాని తోక కొరికింది. నేను వల పట్టుకుని పరేషాన్ అవుతుంటే మా ఆవిడ అనిత వచ్చింది. ఏనాడూ ఆ ట్యాంకు వైపు తిరిగి చూడని మనిషి.

"బండి అద్దంతోటి పిచ్చుక కొట్లాడుతది సూడలే? దీనికి సుత అద్దం పెట్టు."

తన బొట్టుబిళ్లలు అంటించుకునే అద్దమే తెచ్చి ట్యాంకు గాజుకు ఆనించింది. పాతది సాయంత్రం దాకా తన నీడతోనే పోట్లాడింది. కొత్తది రాళ్ల చాటునుంచి వచ్చి మేత తిన్నది. తోక మానుతుందో లేదో, అద్దం తీశాక మళ్లీ ఏమవుతుందో.

అద్దం ఇంకో వారమైనా అక్కడే ఉండాలి.

"మరి నువ్వు బొట్టెట్ల పెట్టుకుంటవ్?" అన్నాను.

"నువ్వున్నవ్ గద. సక్కగున్నదో లేదో జెర సూసి చెప్పు."

చూశాను. బొట్టు కాస్త పక్కకు జరిగి ఉంది. వేలితో సరిచేశాను. రోజూ ఆ ట్యాంకు ముందు గంట కూర్చునేవాణ్ని, తన మొహం ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.